నడుముకి తుపాకీ, నెత్తికి కొమ్ములు

తమ్ముడూ, గ్రీన్ కార్డ్ వచ్చిందట, సంతోషం. వచ్చిన వారానికే టెక్సస్‌లోని ప్లేనోలో గన్ షాపు గుమ్మం తొక్కావట, మరీ సంతోషం. నీకంటే ముందు ఈ దేశం వచ్చినవాణ్ణి, నాలుగు మంచి ముక్కలు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ నీకీ యోగం లేదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఇప్పుడు నీకా అడ్డు తొలగింది. నీ రూమ్మేటు మాత్రం ఇంకా హెచ్1బీలోనే ఉన్నాడు కదా, వాణ్ణి కూడా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లు. చేతికి పిస్టల్ ఇచ్చి, నల్ల కళ్లద్దాలు పెట్టించి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టు. రేపెవరైనా విచారించాల్సి వస్తే సాక్ష్యం వెతుక్కునే శ్రమ వాళ్లకి తప్పుతుంది.

ఇక శిక్షణ. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టం నిషేధించని వాళ్లెవరైనా లైసెన్సు లేకుండానే చొక్కా కింద పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. కావాలన్నవాళ్లకి లైసెన్సు ఇప్పటికీ ఇస్తున్నారనుకో. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఒక రాతపరీక్ష, ఆపైన 3, 7, 15 గజాల నుంచి 50 తూటాలు కాల్చడం. 250కి 175 వస్తే పాసు. ఎంసెట్ రాసి వచ్చిన జాతి మనది, ఇదొక పరీక్షా? వెళ్లకు. వెళ్లినా ఆ సాయంత్రంతోనే విద్య పూర్తయిందనుకో. రేంజ్‌లో కాగితం మీది బొమ్మ పరిగెత్తదు, కేకలు వెయ్యదు, దాని వెనకాల స్ట్రోలర్ తోసుకుంటూ ఎవరూ పోరు. బయట వాల్‌మార్ట్ పార్కింగులో కూడా అంతే ఉంటుందని గట్టిగా నమ్ము. 1983లో డెనిస్ టూలర్ అనే సాల్ట్‌లేక్ సిటీ పోలీసాయన ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీద పడతాడని. బాగా సాధన చేసినవాడికి పిస్టల్ తీసి కాల్చడానికి పట్టేదీ ఇంచుమించు అంతేనట. సాధన చెయ్యని నీకు ఎంత పడుతుందో లెక్కెయ్యకు, మనసు పాడవుతుంది.

మనసంటే గుర్తొచ్చింది. ఇక్కడి ట్రైనర్లకి తుపాకీ కంటే మనసు గురించి చాదస్తం ఎక్కువ. ఎవరి ప్రాణం కాపాడటానికి కాలుస్తావు? కారు కోసం కాలుస్తావా, ఫోను కోసం కాలుస్తావా? నువ్వు కాల్చినవాడు నీ కళ్ల ముందే చచ్చిపోతే ఆ తర్వాత నీ బతుకేమిటి? ఇవన్నీ ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోమంటారు. తేల్చుకోలేనివాడు తుపాకీ కొనకుండా ఉండటమే మేలంటారు. ఇలా అయితే వాళ్ల వ్యాపారం ఎలా నడుస్తుందో నాకర్థం కాదు. నా మాట విను. ఆ ప్రశ్నలన్నీ ఆ ఒకటిన్నర సెకనుకే అట్టిపెట్టు. అప్పుడు చూపు కుంచించుకుపోయి ఎదుటివాడు తప్ప పక్కన ఎవరున్నారో కనపడదు. చెవులు మూసుకుపోతాయి, తాము పేల్చిన తూటా చప్పుడే తమకి వినపడలేదని చెప్పినవాళ్లున్నారు. వేళ్లు మొద్దుబారి చిన్న పని కూడా చెయ్యవు. ధర్మసందేహాలు తీర్చుకోడానికి అంతకంటే ప్రశాంతమైన సమయం ఎక్కడ దొరుకుతుంది?

మన పెద్దవాళ్లేమన్నారు అని అడుగుతావేమో. అడగొద్దు, వాళ్లు నాకు అడ్డం వస్తారు. అరణ్యకాండలో, దండకారణ్యంలో రాక్షసుల్ని చంపుతానని రాముడు మునులకి మాటిచ్చి విల్లు పట్టుకు బయల్దేరితే, సీత ఊరుకోకుండా ఒక కథ చెబుతుంది. పూర్వం ఒక తపస్వి ఉండేవాడు. ఇంద్రుడు యోధుడి వేషంలో వచ్చి, ఒక కత్తి ఆయన దగ్గర దాచమని ఇచ్చి పోయాడు. పరాయి సొత్తు పోతే మాటొస్తుందని, పాపం, ఆ తపస్వి దాన్ని ఒక్క క్షణం వదల్లేదు. దుంపల కోసం వెళ్లినా, పళ్ల కోసం వెళ్లినా చంకన కత్తే. కొన్నాళ్లకి తపస్సు మీద ధ్యాస పోయింది, బుద్ధి క్రూరమైంది, చివరికి నరకానికి పోయాడు. గమనించావా, ఆయనకి శత్రువులెవరూ లేరు. ఆయనమీదికి ఎవరూ రాలేదు. కత్తి మోస్తూ తిరిగాడు, అంతే.

ఇది చదివి నువ్వు కంగారుపడే ప్రమాదముంది కనక ఒక చిట్కా చెబుతాను. ఆ తపస్వి నీ అంత చదువుకున్నవాడు కాదనుకో. తుపాకీ నడుములో దోపిన మొదటి వారంలోనే నీ నడక మారుతుంది, గొంతు మారుతుంది, క్యూలో ముందుకొచ్చినవాణ్ణి చూసే చూపు మారుతుంది. దాన్ని ఆత్మవిశ్వాసమని పిలువు.

భారతంలోకి వెళ్లినా నాకు చుక్కెదురే. కర్ణుడి చేతిలో దెబ్బలు తిని వచ్చిన ధర్మరాజు, ఉక్రోషం పట్టలేక, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుణ్ణి ఎత్తిపొడుస్తాడు. ఆ మాటన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ముందే ఒక ఒట్టుంది. కత్తి దూశాడు, సొంత అన్న మీద. కృష్ణుడు పక్కనుండబట్టి సరిపోయింది. నీ పక్కన టోల్‌వే మీద ఎవరుంటారు? గూగుల్ మ్యాప్స్ ఉంటుంది. అది కుడివైపు తిరగమంటుందే గాని గీత చెప్పదు. అదే పాండవులు, ఎవరికీ తెలియకుండా బతకాల్సిన ఏడాదిలో ఆయుధాల్ని చొక్కాల కింద దాచుకోలేదు, జమ్మిచెట్టు మీద పెట్టేసి విరాటుడి కొలువులో వంటలు చేశారు, గుర్రాలు కాశారు. దసరాకి నీ గ్లాక్ పిస్టల్‌కి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు ఈ సంగతి మాత్రం తలుచుకోకు.

తర్వాతి పాఠం తగాదా. తుపాకీ ఉన్నవాడు ప్రతి చిన్న తగాదాలోనూ ఓడిపోవాలట. హారన్ కొట్టినవాడికి చెయ్యెత్తి సారీ చెప్పాలట. పార్కింగు కోసం ఎవడైనా తిడితే కారు వెనక్కి తీసి వెళ్లిపోవాలట, కులం పేరెత్తినా కిక్కురుమనకూడదట. ఎందుకంటే నీ నడుములో ఒకటి ఉంది గనక నువ్వు దిగే ప్రతి గొడవలోనూ కనీసం ఒక తుపాకీ ఉన్నట్టే. ఇంత అవమానం నువ్వు పడలేవని నాకు తెలుసు. కాబట్టి సంఘం ఎన్నికల మీటింగుకి తప్పకుండా పెట్టుకెళ్లు. క్రికెట్ లీగులో ఎల్‌బీడబ్ల్యూ మీద వాదన పెరిగినప్పుడు చొక్కా అంచు కొంచెం పైకి సర్దు, చూసినవాడికి అర్థమవుతుంది. చూసినవాడు 911కి ఫోన్ చేస్తే పోలీసులకి కూడా అర్థమవుతుంది. టెక్సస్‌లో మీదికొస్తే పారిపోవాల్సిన బాధ్యత లేదని ఎవరో నీకు చెప్పే ఉంటారు. అదే చట్టం, మాటలతో రెచ్చగొట్టడం ఒక్కటే బలప్రయోగానికి సాకు కాదని కూడా రాసింది. గొడవ నువ్వే రేపావని తేలితే ఆత్మరక్షణ వాదనకి కాళ్లు విరుగుతాయి. ఇది లాయరు ఫీజు కట్టాక తెలుసుకుంటే బాగా గుర్తుంటుంది.

మందు సంగతి క్లుప్తంగా చెబుతాను. బార్ల గుమ్మం దగ్గర ఎర్రటి అక్షరాల్లో 51 శాతం అని బోర్డుంటుంది. డిస్కౌంటనుకుని లోపలికి వెళ్లు. ఆ చోటికి వచ్చే ఆదాయంలో 51 శాతమో అంతకు మించో మద్యం మీదే వస్తుందని, లోపలికి తుపాకీ తెస్తే నేరమని దాని అర్థం.

మోసే పద్ధతి కూడా చెప్పాలి. హోల్‌స్టర్ దండగ, ట్రాక్ ప్యాంటు ఎలాస్టిక్ చాలు. న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ అలాగే అనుకున్నాడు. సూపర్ బౌల్‌లో గెలుపు పాస్ పట్టిన ఏడాదే, 2008 నవంబరులో, మన్‌హాటన్ నైట్‌క్లబ్బులో నడుము నుంచి గ్లాక్ జారింది. పట్టుకోబోతే పేలి తొడలోంచి దూసుకుపోయింది. న్యూయార్క్‌లో లైసెన్సు లేదు గనక రెండేళ్ల జైలు శిక్ష పడింది. చేత్తో పక్కకి తొయ్యాల్సిన సేఫ్టీ మామూలు గ్లాక్‌లకి ఉండదు, ట్రిగ్గర్ వెనక్కి పోతే పేలుతుంది. అందుకే ట్రిగ్గర్ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ వాడమంటారు. జెఫ్ కూపర్ అనే మెరైన్ మాజీ అధికారి, ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, కాల్చే నిమిషం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు అని బోధించాడు. దర్జాగా ఫొటో దిగాలంటే మాత్రం ట్రిగ్గర్ మీద వేలు ఉండాల్సిందే. మన సినిమా పోస్టర్లన్నీ నా వైపే ఉన్నాయి.

హీరో అవ్వాలని కూడా ఉంటుంది కదా. 2021 జూన్‌లో కొలరాడోలోని అర్వాడాలో ఒకడు పోలీసుని కాల్చి చంపితే, పక్క షాపులో ఉన్న ఒక పౌరుడు తన పిస్టల్‌తో ఆ దుండగుణ్ణి కూల్చాడు. తర్వాత దుండగుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసుకి కనపడింది రైఫిల్ పట్టుకున్న మనిషి. కాల్చేశాడు. నిజమైన వీరుడు, నిమిషాల్లో పోయాడు. పోలీసులు వచ్చేసరికి చేతులు ఖాళీగా కనపడాలని, 911కి తన దుస్తుల రంగు కూడా చెప్పాలని ట్రైనర్లు అందుకే మొత్తుకుంటారు. మన రంగు, మన యాస చూసి పోలీసులు కాస్త ఎక్కువ ఆలోచించి కాలుస్తారని నీకు నమ్మకముంటే ఇవేవీ పట్టించుకోకు.

ఒక్క నిమిషం వేళాకోళం ఆపుతాను. 2014 డిసెంబరు 30న ఐడహోలోని హేడెన్ వాల్‌మార్ట్‌లో, షాపింగ్ కార్ట్‌లో కూర్చున్న రెండేళ్ల పిల్లాడు తల్లి హ్యాండ్‌బ్యాగులో చెయ్యిపెట్టాడు. పిస్టల్ కోసమే ప్రత్యేకంగా జిప్పు పెట్టి కుట్టిన బ్యాగు అది. పిస్టల్ పేలి తల్లి అక్కడికక్కడే పోయింది. పిస్టల్ ఒంటిమీద ఉండాలి, లేదా ఇనప్పెట్టెలో తాళంలో ఉండాలి. ఈ రెండూ కాని మూడో చోటు లేదు. 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అదీ నేరమే. ఇంకో మాట. అమెరికాలో 2021లో తుపాకీలకి 48,830 మంది పోతే, అందులో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. ఉద్యోగం పోయిన నెలలో, వీసా చిక్కుల్లో, కాపురం చెడిన రోజుల్లో మనవాళ్లు ఎవరికీ చెప్పుకోకుండా గదిలో కూర్చుంటారు. అలాంటి రోజు నీకు గానీ ఇంట్లో ఇంకొకరికి గానీ వస్తే తుపాకీ ఇంట్లోంచి బయటికి పోవాలి, ఆ మనిషి పక్కన మనిషి ఉండాలి. ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే ఇక్కడ ఏ వేళలోనైనా పలుకుతారు.

సరే, మళ్లీ మన సలహాల్లోకి వద్దాం. ప్రయాణాల్లో తుపాకీ ఏ బ్యాగులో ఉందో గుర్తుపెట్టుకోకు. 2023లో అమెరికా విమానాశ్రయాల చెకింగులో 6,737 తుపాకులు దొరికాయి, నూటికి 93 తూటాలతో నిండినవే. అట్లాంటా మొదటి స్థానం, మన డాలస్-ఫోర్ట్‌వర్త్ రెండోది. చాలామంది చెప్పింది ఒకటే మాట, మరిచిపోయామని. జరిమానా వేల డాలర్లలో వెయ్యొచ్చు.

అమ్మానాన్నల్ని చూడ్డానికి ఇండియా వెళ్లేటప్పుడు రేంజ్‌కి వాడిన ఆ బ్యాగే పట్టుకెళ్లు, అడుగున ఏముందో దులపకు. శంషాబాద్‌లో ఎక్స్‌రే కింద తూటా ఒక్కటి కనపడితే చాలు, తుపాకీ లేకపోయినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. తెలిసి తేలేదని తేలితే అలాంటి కేసుల్ని హైకోర్టులు కొట్టేసిన సందర్భాలున్నాయి, కాకపోతే ఆ తేలేదాకా నీ పాస్‌పోర్టు, నీ తిరుగు టికెట్టు, నీ సెలవులు నీ చేతిలో ఉండవు.