మీడియేటర్ మహావాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

"అనంతపురం టౌన్‌కు అతి చేరువలో, బెంగళూరు హైవేకి 5 నిమిషాల్లో, పుష్కలంగా నీళ్లు, 100 శాతం వాస్తు, క్లియర్ టైటిల్, 5 సెంట్లలో ఇల్లు. ఓన్లీ జెన్యూన్ బయ్యర్స్. రేటు సిట్టింగ్‌లో."

అవతారిక

ఇల్లు అమ్మాలనుకున్న గృహస్థు ఒకడు, కొనాలనుకున్న గృహస్థు ఒకడు. ఇద్దరి మధ్యా తక్కువలో తక్కువ నలుగురు మీడియేటర్లు. ఆ నలుగురిలో పెద్దవాడు, విజిటింగ్ కార్డు మీద 'ప్రాపర్టీ కన్సల్టెంట్' అని అచ్చేయించుకున్నవాడు, తెల్లారక ముందే గుడ్ మార్నింగ్ గులాబీతో పాటు ఈ వాక్యాన్ని వాట్సాప్‌లో లోకం మీదికి వదులుతాడు. మా నాయన కాలంలో ఈయన్ని బ్రోకరనేవాళ్లు. రిజిస్ట్రారాఫీసు ముందర జిరాక్సు కాగితాల కవరు చంకలో పెట్టుకుని నిలబడేవాడు, టీ ఇప్పిస్తే పలికేవాడు. ఇప్పుడు ఏసీ రూము, తిరిగే కుర్చీ. పని అదే, గద్యం మాత్రం ముదిరింది. ఆ గద్యానికే, మీడియేటరును ఎంచుకోబోయేవాళ్ల కోసం, ఈ టీక.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. బ్రౌన్ దొర జీతమిచ్చి జూలూరి అప్పయ్య చేత వసుచరిత్రకు టీక రాయించాడు. నాకు జీతమిచ్చే దొర ఎవడూ లేడు గనుక దారి తప్పినా అడిగేవాడు లేడు.

ప్రతిపదార్థం

అతి చేరువలో = బండిలో పెట్రోలు ఉన్నంత దూరంలో; బెంగళూరు హైవేకి = 44వ నంబరు జాతీయ రహదారికి (2017లో కియా కార్ల కంపెనీతో ఒప్పందం కుదిరి పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ లేచిన నాటినుంచి ఈ దారి పక్క ప్రతి శెనక్కాయ చేనుకూ 'కియాకు దగ్గర' అనే విశేషణం అంటుకుంది; 'ఎయిర్‌పోర్టుకు దగ్గర' అని కూడా పాఠాంతరం ఉంది, ఆ ఎయిర్‌పోర్టు పక్క రాష్ట్రంలో, దేవనహళ్లిలో ఉంది); 100 శాతం వాస్తు = సుగమం; ఓన్లీ జెన్యూన్ బయ్యర్స్ = సుగమం.

క్లియర్ టైటిల్ = ఇది సుగమం కాదు. "ఈసీ తీసినాం సామీ, నిల్ వచ్చింది" అంటాడు. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనబడేది రిజిస్టరైన లావాదేవీలే. అన్నదమ్ముల మధ్య తేలని భాగం, కోర్టులో నలుగుతున్న దావా, తెల్లకాగితం మీద ఇంకొకరి దగ్గర అంతకుముందే తీసుకున్న అడ్వాన్సు అందులోకి ఎక్కవు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత భూముల జాబితా ఉంది కదా, ఈ సర్వే నంబరు అందులో ఉందేమో చూశావా అని అడిగితే "లోపల మన మనిషున్నాడులే సామీ" అంటాడు. మనం అడిగింది జాబితా సంగతి, ఆయన చెప్పింది మనిషి సంగతి.

పుష్కలంగా నీళ్లు = ఇక్కడ వ్యాఖ్యాత ఆగాలి. ఇల్లు చూపించే రోజు కొళాయి తిప్పితే నీళ్లు ధారగా పడతాయి. కొళాయిని వదిలి సంపు వైపు చూడండి. మూత చుట్టూ తడి ఆరి ఉండదు, గేటు దగ్గర మట్టిలో ట్యాంకరు చక్రాల అచ్చు తాజాగా ఉంటుంది.

విశేషం

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో బతికే ఈ మెట్ట మీద నీళ్ల గొప్ప చెప్పుకోవడం కొత్త కాదు. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364 ప్రాంతంలో ఇక్కడ చెరువు కట్టిస్తే దాని రెండు కొసల ఊళ్లకు అనంతసాగరమనీ, బుక్కరాయసముద్రమనీ పేర్లొచ్చాయి. అనంతపురం అనే పేరు ఆ అనంతసాగరం నుంచి వచ్చిందే. కరువు సీమలో సాగరం! కొత్తవాడికి ఇదీ బ్రోచరులాగే వినబడుతుంది. కానీ వాళ్లు కట్ట పోసి, నీళ్లు నిలిపి, ఆ తర్వాత సముద్రమన్నారు. ఇప్పుడు వెంచరుకు 'లేక్ వ్యూ' అని పేరు ముందు పెడతారు, లేకు ఎక్కడని అడిగితే నిలబడ్డ చోటే ఉందని తర్వాత తెలుస్తుంది.

చెరువు మాట వచ్చాక పక్క జిల్లా పోరుమామిళ్ల శాసనం దగ్గరికి పోకుండా ఉండడం నా వల్ల కాదు. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు. అంతటితో ఊరుకోక, మంచి చెరువుకు కావలసినవి పన్నెండని రాతి మీద లెక్క చెక్కించాడు. ధర్మమూ ధనమూ కీర్తి మీద ఆశా ఉన్న రాజు, నీటి శాస్త్రం చదివిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, ఆ ఏటిని ఆనుకున్న కొండలు, వాటి నడుమ మరీ పొడుగు కాని రాతి కట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దగ్గరలో నిడుపాటి రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు... కొన్ని వదిలేశాను, లేకుంటే ఈ సంచికలో ఇంకెవరి రచనకూ చోటుండదు. రాజూ శాస్త్రం తెలిసినవాడూ మొదట, మట్టి తర్వాత. డబ్బు పెట్టేవాడు వేరు, తెలిసినవాడు వేరు, ఇద్దరూ చెరువు పక్షమే. ఆరువందల యాభై ఏళ్ల కింద ఒక నీటిపనికి ఇంత వివరంగా రాసి, వచ్చిపోయేవాళ్లందరూ చదువుకునేలా నిలబెట్టారు. ఇవాళ ఒక లేఔటు ప్లాను జిరాక్సు కావాలంటే వారం తిరగాలి.

ఆ శాసనమే చెరువుకు ఆరు దోషాలు కూడా చెప్పింది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, గర్భం నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం.

మూడోది మళ్లీ చదవండి. మీడియేటరును ఎంచుకోవడం అనే ప్రకృత విషయం నాకు అక్కడే మళ్లీ గుర్తొచ్చింది. మీడియేటరు కమీషను కొనేవాడి దగ్గర నూటికి ఒకటో రెండో, అమ్మేవాడి దగ్గర నూటికి ఒకటో రెండో. కొనేవాడితో "ఓనరు మొండోడు, దిగడు" అంటాడు. అమ్మేవాడితో "పార్టీ జారిపోతాది, మీరే దిగండి" అంటాడు. ఇద్దరూ ఆయన తమవాడేననుకుంటారు. ఇంకో పద్ధతి ఉంది, నెట్ రేటు. ఓనరు చేతికి ఇంత అని ఖాయం చేసి, ఆ పైన ఎంత పలికితే అంతా తనది. అందుకే రిజిస్ట్రేషన్ రోజు దాకా కొనేవాడూ అమ్మేవాడూ ఎదురుపడకుండా కాపలా కాస్తాడు. కట్ట తెగిన నాడు పొలిమేర చెరువును ఏ రాజు తనదంటాడు?

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం, రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టే ఏజెంటు తానూ రిజిస్టరు చేయించుకోవాలి, చేసిన ప్రతి అమ్మకంలో ఆ నంబరు చూపాలి. పదో సెక్షను ప్రకారం లెక్కల పుస్తకాలు ఉంచాలి, అబద్ధపు ప్రచారం చేయకూడదు. మీరితే రోజుకు పదివేలు, ఆస్తి ఖరీదులో నూటికి అయిదు దాకా జరిమానా. విన్నారుగా, రిజిస్టరైన ప్రాజెక్టులో. పాతూరులో మీ తాత కట్టిన మిద్దె అమ్మిపెట్టేవాడు ఆ పరిధిలోకి రాడు. ఆటో నడిపేవాడికి లైసెన్సు ఉండాలి, మీ జీవితకాలపు సంపాదన చేతులు మార్చేవాడికి సెల్‌ఫోన్ ఉంటే చాలు. ఇది నాకు నవ్వులాటగా లేదు.

అలంకారం

'రేటు సిట్టింగ్‌లో' అన్నది ధ్వని. చెప్పిన అర్థం కన్నా స్ఫురించే అర్థం ప్రధానమైతే అది ఉత్తమ కావ్యమని మమ్మటుడి మతం. ఆ లెక్కన ఈ రెండు మాటలకు సాటి వచ్చే కావ్యం అనంతపురం జిల్లాలో వెలువడలేదు. ఓనరు అడిగిన రేటు ఒకటి, మీకు చెప్పబోయే రేటు ఇంకొకటి, కాగితం మీద రాసేది మూడోది అని రసికులు గ్రహించాలి.

తాత్పర్యం

కాబట్టి సిట్టింగ్‌లో కూర్చునే ముందే మీడియేటరును అడగాల్సినవి అడగాలి. కమీషను ఎవరి దగ్గర, ఎంత తీసుకుంటున్నావో కాగితం మీద రాసిస్తావా? అడ్వాన్సుకు ముందే లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు మా వకీలుకు చూపిస్తావా? ఓనరుతో నేను ముఖాముఖి మాట్లాడొచ్చా? కొత్త వెంచరైతే రెరా నంబరు, ప్రాజెక్టుది ఒకటి, నీది ఒకటి చెప్పు. ఇవి అడిగితే ఆయన మొహం చిన్నబుచ్చుకుని "ఇంత అనుమానముంటే ఎట్లా సామీ, మన మధ్య కాగితాలు ఎందుకు?" అంటాడు. అన్నవాడే సాయంత్రానికి అడ్వాన్సు కోసం స్టాంపు పేపరు కొనుక్కుని వస్తాడు.