తుర్రియాల్బా నుంచి పుల్లలచెరువు దాకా

నేను బేస్‌బాల్ బంతిని. కోస్టారికాలోని తుర్రియాల్బా అనే ఊళ్లో ఎర్రదారంతో 108 జంట కుట్లు వేసి నన్ను చేత్తో కుట్టారు. లోపల కార్కు, రబ్బరు. దానిమీద పొరలు పొరలుగా ఉన్నిదారం, ఆపైన ఆవుతోలు. బరువు 150 గ్రాముల లోపే, క్రికెట్ బంతికంటే తేలిక. ఆటకు ముందు నా నునుపు పోవాలని డెలావేర్ నది ఒండ్రుమట్టితో రుద్దారు.

2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో నా వంతొచ్చింది. టెక్సాస్ రేంజర్స్ జట్టులో బంతి విసిరే పిచర్ కుమార్ రాకర్‌కు అది అమెరికా మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్. నన్ను పట్టుకున్న ఆ కుడిచెయ్యి అంతదాకా పడ్డ పాట్లు తెలిస్తే మీరూ నాలాగే అభిమానిస్తారు.

తండ్రి ట్రేసీ అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు. తల్లి లలితది భారతీయ మూలాలున్న కుటుంబం. 2019లో కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి ఆడుతూ, డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ (బంతిని కొట్టనివ్వకుండా ఔట్) చేశాడు. అప్పటికతని వయసూ 19. 2021లో కొత్త ఆటగాళ్ల ఎంపిక (డ్రాఫ్ట్)లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతన్ని పదో స్థానంలో ఎంచుకున్నా వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం కుదరలేదు. భుజానికి చిన్న సర్జరీ అయింది. అంత పేరున్న కుర్రాడు మేజర్ లీగ్ జట్లతో సంబంధం లేని ఒక చిన్న లీగ్‌లో బంతి పట్టాడు. సిగ్గుపడి ఇంట్లో కూర్చోలేదు. 2022 డ్రాఫ్ట్‌లో రేంజర్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. 2023లో మోచేతి లిగమెంట్ దెబ్బతిని మళ్లీ సర్జరీ అయింది. ఒంట్లోనే మరోచోటి నుంచి తాడులాంటి టెండన్ తీసి అక్కడ వేసే సర్జరీ అది. 1974లో మొదటిసారి చేయించుకున్న పిచర్ టామీ జాన్ పేరే దానికి స్థిరపడింది. కోలుకోవడానికి ఏడాదికి పైనే పట్టింది.

అందుకే ఆ సాయంత్రం అతని వేళ్లు నా కుట్లమీద బిగుసుకున్నప్పుడు నాకు గర్వమనిపించింది. క్రికెట్ బంతిలా నేను నేలమీద పడి లేవను. బ్యాటర్ దాకా ఉన్న 18.44 మీటర్లూ గాల్లోనే వెళ్లాలి, గాల్లోనే తిరగాలి. స్లైడర్ వేశాడు. చివర్లో వంగాను. బ్యాటుకు తగిలీ తగలక ఎగిరి జనంలో పడ్డాను. అతను నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రైకౌట్ చేశాడు.

నన్ను పట్టుకున్నాయన ఆంధ్రప్రదేశ్‌లోని పుల్లలచెరువు మనిషి, సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జట్టులో కుమార్ అనే పేరు చూసి టికెట్ కొన్నాడట. వేసవిలో ఊరొస్తూ మేనల్లుడికి నన్ను తెచ్చిచ్చాడు.

"మామా, ఇది కార్క్ బాలేనా? ఎంత స్పీడ్ పోద్ది?"

"కుమార్ రాకర్ వేస్తే నూట యాభై కిలోమీటర్ల పైనే పోద్ది."

పన్నెండేళ్ల ఆ పిల్లాడికీ స్పీడే లోకం. సెలవుల్లో పొద్దున మొదలుపెట్టి, ఎండకు కాసేపాగి, మళ్లీ చీకటి పడేదాకా బౌలింగే. ఒక రాత్రి అన్నం దగ్గర వాడు నడుం పట్టుకోవడం మామ చూశాడు.

"అమెరికాలో నీ ఈడు పిచర్లకు రోజుకి 85 బంతులే అబ్బాయ్. అరవై ఐదు దాటితే నాలుగు రోజులు రెస్టు. వాళ్లకు మోచెయ్యి పోద్ది, మన ఫాస్ట్ బౌలర్లకు నడుం ఎముక చిట్లుద్ది. నువ్వెన్నేస్తున్నావ్?"

"యాడ లెక్కపెడతాం మామా? అందరూ నన్నే వెయ్యమంటారు."

ఎంత మంచి చేతులైనా పాడయ్యేది అక్కడే. బాగా వేసేవాడినే మళ్లీ మళ్లీ వెయ్యమంటారు. లెక్క ఎవరి దగ్గరా ఉండదు. రాకర్ చుట్టూ డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు. ఈ పిల్లాడికి అమ్మా మామా ఉన్నారు. మామ ప్రయాణం దగ్గరపడింది. వాళ్లమ్మ మాత్రం తమ్ముణ్ని కూర్చోబెట్టి, ఎన్ని ఓవర్లకు ఆపాలో, నొప్పి ఎక్కడుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలో అడిగి తెలుసుకుంటోంది.