నిపుణుడి నివేదిక

మా బావగారు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పారు. పదికి పది వేయడం ఆ చేతికి అలవాటు లేదు. లెక్కంతా సరిగ్గా చేసి చివర్లో యూనిట్లు రాయడం మర్చిపోతే అరమార్కు కోసేసేవారు. అలాంటి మనిషి చేత ఓ కారు షోరూమ్ వాళ్ళు వరసపెట్టి పదికి పది వేయించుకున్నారు. వేయించుకుని, ఆ మార్కుల్నే తెచ్చి ఆయన ముందు పెట్టారు.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి, రాజమండ్రిలో హైవే పక్కనున్న షోరూమ్‌లో ఆ కారు కొన్నారు. అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కలేదు. ఆవిడ కోసమే కారు. టర్బో పెట్రోలు ఇంజిను, అన్నీ కలిపి 9,80,000 రూపాయలు, మూడేళ్ళ వారంటీ.

కొన్న ఏడాది కార్తీకమాసంలో మారేడుమిల్లి అడవి చూసొద్దామని బయల్దేరాం. వెనక సీట్లో నేను. రంపచోడవరం దాటేదాకా బండి హాయిగా నడిచింది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే, ఓ మలుపులో డాష్‌బోర్డు మీద నారింజ రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. బావగారు యాక్సిలరేటర్ అడుగంటా తొక్కారు. లాగదే! ఆర్‌పీఎం ముల్లు రెండువేల దగ్గరే వణుకుతూ నిలబడిపోయింది. వెనక భద్రాచలం బస్సు ఒకటే హారన్. ఎడమ పక్కన లోయ. అక్క రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని కళ్ళు మూసుకుంది. బావగారు ఎలాగో బండిని రోడ్డు అంచుకి తీసి ఆపారు. ఇంజిన్ కట్టేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడిచింది. ఇంకో రెండు మలుపులు ఎక్కగానే మళ్ళీ అదే తంతు. అక్కడే వెనక్కి తిప్పేశాం.

టర్బో నుంచి రావాల్సినంత గాలి ఇంజిన్‌కి అందకపోతే, బండిలోని కంప్యూటర్ తనంతట తానే శక్తి తగ్గించేస్తుంది. ఇంజిన్ పాడవకుండా కాపాడే ఏర్పాటు అది. లింప్ మోడ్ అంటారు. గాలి వెళ్ళే గొట్టం ఎక్కడో సన్నగా చీలినా, టర్బో ఒత్తిడిని అదుపు చేసే వేస్ట్‌గేట్ ఇరుక్కుపోతున్నా ఇలా జరగొచ్చు. నిలబెట్టిన బండిలో ఈ తేడా పట్టుబడదు. మనుషుల బరువుతో, ఎత్తు ఎక్కుతూ, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు బయటపడుతుంది. సర్వీస్ సెంటర్ వాళ్ళు చూసేదేమో ఎప్పుడూ నిలబెట్టిన బండినే.

అక్కడ సర్వీస్ అడ్వైజర్‌గా ఉన్న కుర్రాడు బావగారి పాత శిష్యుడు. "మాస్టారూ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాగా" అంటూ ఎదురొచ్చేవాడు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి స్కానర్ తగిలించాడు. నేను పక్కనే నిలబడి తెరవైపు చూస్తున్నాను. ఎర్ర అక్షరాల్లో ఒక వరస కనబడింది: పి0299. సరిగ్గా చదివేలోపు వేలితో నొక్కేశాడు. "చిన్న ఎర్రర్ మాస్టారూ, క్లియర్ చేసేశాను. ఇక రాదు." ఆ నంబరుకి అర్థం టర్బో బూస్ట్ చాలినంత రావడం లేదని. ఆ కోడ్ పడ్డ క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంలో ఉంది, ఎంత బరువు లాగుతోంది అన్న వివరాలన్నీ దాంతోపాటే కంప్యూటర్‌లో నమోదై ఉంటాయి. క్లియర్ అని నొక్కితే అవి కూడా చెరిగిపోతాయి. రోగం ఆనవాలు తుడిచేసి రోగం లేదని రాసిచ్చినట్టే. జాబ్‌కార్డు మీద అదే రాశారు: "తనిఖీ చేశాం, లోపం కనబడలేదు, నార్మల్."

ఆ తర్వాత గోదావరి మీద బ్రిడ్జి ఎక్కేటప్పుడొకసారి, ద్వారకా తిరుమల దారిలో ఒకసారి, పెళ్ళికి విశాఖ వెళ్తూ మరోసారి లైటు వెలిగింది. ప్రతిసారీ షోరూమ్. ప్రతిసారీ ఓ కొత్త కారణం. పెట్రోలు బాగాలేదు, బంకు మార్చండన్నారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. పెద్ద గేర్‌లో లాగుతున్నారన్నారు. నలభై ఏళ్ళుగా స్కూటరూ కారూ నడుపుతున్న మనిషికి గేర్లు ఎలా మార్చాలో ఇరవై రెండేళ్ళ పిల్లాడు నేర్పాడు. హైదరాబాద్ నుంచి మేనల్లుడు చిన్న స్కానర్ కొని పంపాడు. అందులో అదే కోడ్ పడితే ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్ళాం. "బయట పరికరాలు మేం నమ్మం సార్. అవి పెడితే వారంటీ పోతుంది, జాగ్రత్త" అన్నాడు మేనేజరు.

ఇక ఆ మార్కుల సంగతి. బండి తిరిగి ఇచ్చే ముందు శిష్యుడు పక్కకి తీసుకెళ్ళి చెప్పేవాడు. "రేపు కంపెనీ నుంచి ఫోనొస్తుంది మాస్టారూ. పదికి ఎన్నిస్తారని అడుగుతారు. తొమ్మిదిచ్చినా నాకు ఆ నెల ఇన్సెంటివ్ పోతుంది. ఇంట్లో అమ్మకి మందులు..." బావగారు పదే ఇచ్చేవారు. బండి తీసుకున్నట్టు పెట్టే సంతకం పైన "సర్వీసుతో పూర్తిగా సంతృప్తి చెందాను" అని ముందే అచ్చేసి ఉంటుంది. అక్కడ సంతకం పెట్టకపోతే తాళం చేతికి రాదు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. బాగుచేసే అధికారం ఇవ్వకుండా మార్కులు మాత్రం తెమ్మని వాణ్ణి తరిమినవాళ్ళదే తప్పు. వారంటీలో పెద్ద భాగం మార్చాలంటే డీలరు ముందు కంపెనీకి క్లెయిమ్ పంపాలి. కంపెనీ కాదంటే ఆ ఖర్చు డీలరు నెత్తిన పడుతుంది. ఆ గొడవ ఎందుకని లైటు ఆర్పి పంపేస్తున్నారు.

చివరికి నేనే బలవంతం చేసి వకీలు చేత నోటీసు ఇప్పించాను. మూడు వారాలకి జవాబొచ్చింది. "మీ వాహనం ఇంజిన్‌లో ఎటువంటి లోపమూ లేదు. ప్రతి సందర్భంలోనూ మీరు పూర్తి సంతృప్తి వ్యక్తం చేస్తూ సంతకం చేశారు. కంపెనీకి పదికి పది మార్కులు ఇచ్చారు." వెనక ఆ కాగితాల జిరాక్సులన్నీ జతచేశారు. బావగారు ఆ జవాబును రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఓ పిల్లాడి జీతం పోకూడదని చూపిన దయ అది. దాన్ని ఆ పెద్దమనిషికే వ్యతిరేకంగా సాక్ష్యం చేశారు. నన్నడిగితే బండిలో లోపం కన్నా ఇది పెద్ద తప్పు.

వకీలు మాత్రం నిదానంగా చెప్పాడు. "మాస్టారూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం. 2019 చట్టం మనకి అనుకూలంగానే ఉంది. కంపెనీ హెడ్డాఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఫిర్యాదుకి కారణం పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి, అంతే. చిక్కల్లా ఒక్కటే. ఇంజిన్‌లో లోపం ఉందని మీరూ నేనూ అంటే చాలదు. తెలిసినవాడెవడో పరీక్షించి రాసివ్వాలి. నిపుణుడి నివేదిక లేక కార్ల కేసులు చాలా ఓడిపోతుంటాయి." ఇంకో మాట కూడా అన్నాడు. బండి ఇచ్చేటప్పుడు ఫిర్యాదును వాళ్ళ మాటల్లో కాక మన మాటల్లో రాయించాలట, కిలోమీటర్లతో సహా. కోడ్ చెరిపేముందు దాని ప్రింటు అడిగి తీసుకోవాలట.

నిపుణుడి కోసం వెతుకులాట మొదలైంది. ఊళ్ళో పేరున్న మెకానిక్ బండి నడిపి చూసి, "టర్బో దగ్గర తేడా ఉందండీ, చెవికే తెలుస్తోంది" అన్నాడు. రాసిమ్మంటే చేతులు జోడించాడు. "స్పేర్ పార్టులు ఆ షోరూమ్ నుంచే తెచ్చుకోవాలి బాబూ. రేపు నాకు బోల్టు కూడా ఇవ్వరు." ఇంజినీరింగ్ కాలేజీలో ఆటోమొబైల్ చెప్పే లెక్చరర్ ఒకాయన, కమిషన్ ఆదేశిస్తే చూస్తాను గానీ నాకై నేను రాసివ్వలేనన్నాడు. ఆయన మాటా న్యాయమే. అలా నెలలు గడిచాయి. వేసవి వచ్చింది. అక్క కారెక్కడం మానేసింది. ఆవిడ కోసం కొన్న కారు!

"అమ్మేద్దాంలేవోయ్" అన్నారు బావగారు ఓరోజు. "ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగలేను. పోయినంత పోతుంది."

అదే షోరూమ్‌లో ఎక్స్ఛేంజ్ విభాగం వేరే ఉంది. పాత కారు తీసుకుని కొత్తది ఇస్తారు. పేరు ఒకటే, యజమాని ఒకడే, మధ్యలో ఓ అద్దాల గోడ. అక్కడున్న మనిషి మమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. చాలా మర్యాదగా చల్లటి నీళ్ళిచ్చి, బండి చుట్టూ తిరిగి, పెయింటు మందం కొలిచి, టైర్లు చూసి, ఒక రౌండు నడిపొచ్చాడు. కంప్యూటర్‌లో బండి నంబరు కొట్టి చాలాసేపు చదివాడు. తర్వాత రెండు కాపీల ఫారం తీసి నింపాడు.

"బండి నీటుగా ఉంచుకున్నారు సార్. మామూలుగా అయితే 7,60,000 ఇచ్చేవాళ్ళం. ఇంజిన్ ప్రాబ్లం ఉంది కాబట్టి 6,20,000 వస్తుంది."

బావగారు ఉలిక్కిపడ్డారు. "ఏ ప్రాబ్లం?"

"టర్బో సార్. మీరు చాలాసార్లు తెచ్చారుగా, మా సిస్టంలో మొత్తం హిస్టరీ ఉంది. చూడండి, మొదటిసారే బూస్ట్ కోడ్ వచ్చింది. తర్వాత వచ్చిన ప్రతిసారీ అదే. ఇది తగ్గే రకం కాదు సార్, టర్బో అసెంబ్లీ మార్చాల్సిందే. అందుకే లక్షా నలభై వేలు తీసేశాం."

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. బావగారు నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపారు. మాకిచ్చిన ప్రతి జాబ్‌కార్డు మీదా నార్మల్ అని రాసిన షోరూమే, తన సొంత కంప్యూటర్‌లో ప్రతిసారీ రోగం పేరు రాసుకుంటూ వచ్చింది. బాగుచేయాల్సి వచ్చినప్పుడు ఇంజిన్‌లో లోపం లేదు. ధర కట్టాల్సి వచ్చినప్పుడు ఉంది.

"ఇదంతా రాశారా బాబూ?" అని అడిగారు బావగారు మెల్లిగా.

"రాశాను సార్. రిమార్కుల్లో చూడండి." నీలం ఇంకుతో గుండ్రంగా రాసి ఉంది: "ఇంజిన్: టర్బో బూస్ట్ లోపం. సర్వీస్ రికార్డుల ప్రకారం మొదటి నుంచీ పదేపదే వస్తున్నది. తగ్గింపు 1,40,000."

"ఇంట్లో ఆలోచించుకుని చెబుతాం. మీ పేరు, హోదా రాసి సంతకం పెడతారా? షోరూమ్ స్టాంపు కూడా ఉంటే బాగుంటుంది."

"అయ్యో, దానికేం సార్!" అన్నాడు. డ్రాయరు లాగి, స్టాంపు తీసి, ఇంకు ప్యాడ్ మీద అద్ది రెండు కాపీల మీదా గట్టిగా గుద్దాడు. ఒకటి మాకిచ్చాడు.

బయటికొచ్చాక బావగారు ఆ కాగితం నా చేతికిచ్చి, "బండి అమ్మటం లేదు. వకీలు దగ్గరికి పద" అన్నారు.

వకీలు ఆ కాగితం చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదివాడు. "వాహన మూల్యాంకన అధికారి అని హోదా కూడా రాశాడే!" అన్నాడు. వారంలో ఫిర్యాదు దాఖలైంది. జతచేసిన పత్రాల జాబితాలో మొదటి వరసలో ఉన్నది ఆ కాగితమే.

కమిషన్ నుంచి నోటీసు అందిన రెండోరోజు షోరూమ్ మేనేజరు స్వయంగా ఫోన్ చేశాడు. కేసు వెనక్కి తీసుకుంటే కొత్త టర్బో పైసా తీసుకోకుండా వేసిస్తామన్నాడు.

"ఎటువంటి లోపమూ లేని ఇంజిన్‌కి కొత్త టర్బో ఎందుకు బాబూ?" అన్నారు బావగారు. అటునుంచి జవాబు లేదు.

కేసు నడుస్తోంది. వస్తువు కొన్న ధర 5 లక్షలు దాటి 10 లక్షల లోపుంటే జిల్లా కమిషన్‌లో దాఖలు రుసుము 200 రూపాయలు. అది బావగారు కట్టారు. నిపుణుడి నివేదికకి మాత్రం ఖర్చేమీ కాలేదు. షోరూమ్ వాళ్ళే స్టాంపు వేసి ఇచ్చారు.