మాయపొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (తేటగీతి)

మంట లేదు; గిన్నెయె మండు మాయపొయ్యి;
పట్టవలె నయస్కాంతంబు పాత్రయడుగు;
ఒట్టి గిన్నె పెట్టకు; మూత యుంచవలయు;
గట్టి తీగ, పదారాంపు గలుగు ప్లగ్గు.

అవతారిక

సిలిండరు అయిపోయి, రెండోది ఇంకా రాక, అటక మీది ఇండక్షన్ స్టౌను దించుతున్న గృహస్థుకు హితం చెప్పడం ఈ పద్యానికి ప్రయోజనం. చెప్పినది ఇల్లాలా, మేనత్తా, కరెంటు మేస్త్రీయా అన్నచోట వివాదం ఉంది. నాలుగో పాదాన్ని బట్టి మేస్త్రీయేనని మా నిశ్చయం.

ప్రతిపదార్థం

మంట లేదు = నిప్పూ పొగా కనబడవు; గిన్నెయె మండు = పైన పెట్టిన పాత్రే వేడెక్కునట్టి (ఇక్కడ 'అంటుకొను' అనే అర్థం చెప్పరాదు; అది మూడో పాదం మరిచినవారికి వర్తిస్తుంది); మాయపొయ్యి = ఇండక్షన్ స్టౌ; పాత్రయడుగు = గిన్నె అడుగును; అయస్కాంతంబు = ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ వెనకదైనా సరే, ఒక అయస్కాంతం; పట్టవలెన్ = గట్టిగా కరుచుకోవాలి; ఒట్టి గిన్నె = లోపల ఏమీ లేని గిన్నెను; పెట్టకు = స్టౌ మీదికి ఎక్కించకు; మూత యుంచవలయు = మూత పెట్టాలి; గట్టి తీగ = సన్నపు వైరు కానిది; పదారాంపు గలుగు ప్లగ్గు = 16 ఆంపియర్లు మోసే లావు పిన్నుల ప్లగ్గు. 'కావలయు' అని అధ్యాహారం. కవి క్రియను మాత్రమే వదిలేశాడు. చాలా ఇళ్లలో ప్లగ్గునే వదిలేస్తారు.

తాత్పర్యం

ఓ గృహస్థా! ఈ స్టౌ తాను వేడి పుట్టించదు, గిన్నె చేత పుట్టింపజేస్తుంది. కాబట్టి తగిన గిన్నెను ఎంచుకో, దాన్ని ఖాళీగా కాల్చకు, మూత మరవకు, తగిన ప్లగ్గు లేనిదే స్విచ్ వేయకు.

విశేషాలు

మొదటి పాదం: గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా దిశ మార్చుకునే కరెంటు పారుతుంది. దానివల్ల కలిగే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో సుడి ప్రవాహాలు లేపి దాన్ని వేడెక్కిస్తుంది. ఈ ప్రేరణను మైకేల్ ఫారడే 1831లోనే కనిపెట్టాడు. అంటే అసలు పొయ్యి గిన్నే. మిగతా పద్యంలో మొదటి రెండు సలహాలూ ఈ ఒక్క మాటలోంచే పుట్టాయి.

రెండో పాదం: ఇనప పెనం ఈ పరీక్షలో నెగ్గుతుంది. సత్తు గిన్నె, ఇత్తడి గిన్నె, రాగి చెంబు, మట్టి కుండ, రాచ్చిప్ప ఓడతాయి. స్టీలులో అంటేదీ ఉంది, అంటనిదీ ఉంది. అయస్కాంతం మాటే తీర్పు. అడుగు చదునుగా, పలక మీది వలయానికి సరిపడా ఉండాలి. మరీ చిన్న పోపు గిన్నెను స్టౌ గుర్తించక కూతపెట్టి ఊరుకుంటుంది.

శంక: మా అల్యూమినియం కుక్కర్ చక్కగా పనిచేస్తున్నదే?
సమాధానం: దాని అడుగున అయస్కాంతానికి అంటే లోహపు పలక అతికించి ఉంటుంది. 'ఇండక్షన్ బేస్' అని రాసేది అందుకే.

మూడో పాదం: వేడి లోహంలోనే పుడుతుంది గనక ఒట్టి గిన్నె చూస్తుండగానే మాడిపోతుంది, పలచని అడుగు వంకరపోతుంది. చెంచాడు నూనె వేసి, పూర్తి పవరులో పెట్టి, ఆవాల డబ్బా వెతకబోతే తిరిగొచ్చేసరికి నూనె అంటుకోవచ్చు. తాలింపు తక్కువ పవరులోనే పెట్టాలి. ఇక పొదుపు: 2000 వాట్లలో అరగంట నడిస్తే ఒక యూనిట్ ఖర్చు. మూత లేని గిన్నెలో ఆ కరెంటు కొంత ఆవిరైపోతుంది. మరుగు వచ్చాక పవరు పెంచినా పప్పు త్వరగా ఉడకదు, నీళ్లు త్వరగా ఇంకుతాయి. కుక్కర్ విజిల్ వేశాక పవరు తగ్గించాలి.

శంక: మంట లేదన్నారు గదా, గిన్నె దించాక పలక మీద చెయ్యి వేయవచ్చునా?
సమాధానం: వేయరాదు. గిన్నె వేడి గాజులోకి దిగి ఉంటుంది.

నాలుగో పాదం: 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. టీవీకి తెచ్చిన ఆరు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంత కరెంటు మోయలేక కరిగిపోవచ్చు.

అలంకారం: మంట లేదంటూనే మండుతుందనడం విరోధాభాసం. చిన్న ప్లగ్గు వాడితే ఆభాసం పోయి మంట నిజమవుతుంది.

కవి చెప్పక విడిచినవి

స్టౌ కింద గుడ్డ పరవరాదు, గాలి రంధ్రాలు మూసుకుంటాయి. వంట అయిన వెంటనే ప్లగ్గు పీకరాదు, లోపలి ఫ్యాను చుట్టను చల్లార్చాలి. గాజు పగిలితే ఆ స్టౌ వాడకం అంతటితో ఆపాలి. పొంగిన చారు ఆ పగులులోంచి లోపలి కరెంటు దాకా పోతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు రెండడుగుల దూరంలో ఉండాలి, ముందుగా డాక్టరును అడగాలి.

ఫలశ్రుతి

ఈ పద్యం కంఠస్థం చేయకపోయినా దోషం లేదు. అయస్కాంతం ఒకటి, 16 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి ఇంట్లో ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే బియ్యం కడగండి.