సముద్రం చూడని చందా పెట్టె ఆత్మకథ

పైన నాణెం దూరేంత చీలిక, అడుగున కాగితపు ముద్ర వేసిన మూత, నడుమ పడవ ఆకారంలో ఒళ్ళు గల ఈ వస్తువును బ్రిటనులో లైఫ్‌బోటు పెట్టె అంటారు. తెలుగువారి హుండీకి ఇది దూరపు చుట్టమే గాని, హుండీలో కానుక వేసినవానికి మొక్కు ఉంటుంది, దీనిలో వేసినవానికి అదీ ఉండదు. తన నాణెంతో ఒడ్డెక్కే మనిషెవరో అతనికి ఎన్నటికీ తెలియదు. లైఫ్‌బోటు అనగా తుఫానులో చిక్కిన ఓడ వద్దకు పోయి మనుషులను దించి తెచ్చే పడవ. దాన్ని నడిపేవారిలో అత్యధికులు జీతం లేకుండా, చేస్తున్న పని వదిలి పరుగెత్తే స్వచ్ఛంద సేవకులు. 1824లో సర్ విలియం హిలరీ చొరవతో పుట్టి, నేడు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌గా ప్రసిద్ధమైన సంస్థ, 1854 నుంచి 1869 వరకు సర్కారు సొమ్ము తీసుకొని తరువాత దాన్ని వదులుకొన్నదని చెప్పేటప్పుడు ఈ పెట్టెకు కొంత గర్వం.

తన వంశచరిత్రను అది 1886 డిసెంబరు 9 రాత్రితో మొదలుపెడుతుంది. ఇంగ్లండు వాయవ్య తీరంలో మెక్సికో అనే జర్మను ఓడను ఆదుకోబోయిన రెండు లైఫ్‌బోట్లు తలకిందులై 27 మంది సేవకులు మరణించగా, వారి భార్యాబిడ్డల పోషణ ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. అప్పటికి సంస్థకు అందే సొమ్ములో అధికభాగం కొద్దిమంది ధనికులదే. మిల్లు యజమాని చార్లెస్ మకారా 1891 అక్టోబరులో ఒక శనివారం మాంచెస్టరు వీధుల్లో బ్యాండు మేళంతో లైఫ్‌బోట్లను ఊరేగించి, పొడవాటి కర్రల చివర సంచులు కట్టించి, మేడ కిటికీలకూ ట్రాముల పై అంతస్తులకూ అందించగా, ఆ ఒక్కరోజే 5,000 పౌన్లకు పైగా పోగైంది. ఆ సంచులే ఈ పెట్టెకు పూర్వీకులు. రాయవేలూరు జిల్లాలోని గుడియాత్తం మగ్గాలకు సముద్రం ఎంత దూరపు సంగతో మాంచెస్టరు మిల్లులకూ అంతేననిపిస్తుంది. కాని ఆ మిల్లులకు పత్తి ఓడల మీదనే వచ్చేది.

దుకాణాల గల్లాపక్కన గడిచిన కాలమే దీని జీవితంలో సింహభాగం. మూత తెరిచినప్పుడల్లా చొక్కా గుండీలు, చెల్లని పరదేశపు నాణేలు, పిప్పరమెంటు కాగితాలు బయటపడేవి. తలుపు గాలికి కొట్టుకోకుండా దీన్నే అడ్డంపెట్టిన యజమానీ ఉన్నాడు, ధర్మాన్ని కాలితో తోసినందుకు అతనికి రవ్వంత సిగ్గైనా కలగలేదు. అయినా అప్పటికి ఒక పని ఉండేది. జనం కార్డులు తాకించి చెల్లింపులు జరపడం అలవాటైనాక చీలికలో చిల్లర పడటం తగ్గిపోయి, పెట్టె అరుగు మీది నుంచి అలమరకు, అలమర నుంచి అటకకు, అటక నుంచి పాతసామాను అంగడికి చేరింది. అక్కడ దీని ధరను లోపల పట్టే సొమ్మును బట్టి గాక పైపూత పెచ్చులూడిన తీరును బట్టి నిర్ణయిస్తారు.

చెన్నపట్నం రైలెక్కితే గాని అలలు కనిపించని, అదే జిల్లాలోని లత్తేరివారికి ఈ కథతో ఏమి పని అని అడగవచ్చు. రాయవేలూరులో 1900లో ఒకే పడకతో వైద్యురాలు ఐడా స్కడర్ మొదలుపెట్టిన వైద్యశాలకు భవనం లేచింది న్యూయార్కు బ్యాంకరు ఒకాయన ఇచ్చిన 10,000 డాలర్లతో. చూడని ఊరికి ఇవ్వడమంటే ఏమిటో ఈ జిల్లాకు తెలుసు. తెలుగువారికీ జోలె కొత్త కాదు, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తరువాత ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధివీధినా పట్టినది అదే. అయితే ఆ జోలె ప్రాణాలు పోయిన తరువాత నిండింది. ఈ పెట్టె అడిగేది అంతకు ముందే, పడవ కదలడానికి. భారత తీరంలో రక్షణభారం 1978లో చట్టబద్ధమైన కోస్ట్‌గార్డుది, దాని అత్యవసర నంబరు 1554. కాని తోటివారు మునిగినప్పుడు ముందుగా వెళ్ళేది సొంత డీజిలు పోసుకున్న మత్స్యకారుడే. 2018 ఆగస్టు వరదల్లో కేరళ మత్స్యకారులు పడవలను లారీలకెక్కించి లోతట్టు ఊళ్ళకు తరలించి వేలాదిమందిని రక్షించగా, గోడలకూ స్తంభాలకూ తగిలి ఎన్నో పడవలు దెబ్బతిన్నాయి. లత్తేరి, గుడియాత్తం వర్తకులు గల్లాపక్కన ఒక డబ్బా ఉంచి, దానిలో పడిన చిల్లరను తీరపు మత్స్యకార సహకార సంఘాలకు డీజిలుకూ లైఫ్‌జాకెట్లకూ పంపవచ్చు. గుండీలు మాత్రం వేయవద్దని ఈ పెట్టె మనవి.