సెంటర్‌బ్యాక్ జాతకం

ఇంగ్లండ్‌లో లీగ్ ఫుట్‌బాల్ ఆడని రోజులు ఏడాదికి రెండున్నర నెలలు. అభిమాని ఒళ్లు హూనమయ్యేది ఆ రెండున్నర నెలల్లోనే. మే ఆఖరుకల్లా ప్రీమియర్ లీగ్ ముగుస్తుంది. ఆటగాళ్లు సముద్రం ఒడ్డున ఎండకి పడుకుంటారు, కోచ్‌లు గోల్ఫ్ కర్రలు దులుపుకుంటారు. లీసెస్టర్ నుంచి లింగంపల్లి దాకా అభిమానులు మాత్రం, వచ్చే సీజన్‌కి మనకి కావలసింది ఎడమకాలి సెంటర్‌బ్యాకా, కుడికాలి సెంటర్‌బ్యాకా అన్న సమస్యతో నిద్ర మానేస్తారు.

మా బృందంలో ఇంగ్లండ్ చూసినవాడు ఒక్కడూ లేడు. ఆదివారం సాయంత్రం ఇరానీ హోటల్లో చేరి, ఒక్క చాయ్‌తో గంటన్నర కూర్చునే బాపతు మేం. అందులో ఒకాయన బ్యాంకులో లోన్లు మంజూరు చేస్తాడు. సొంత తమ్ముడు అడిగినా ఆర్నెల్ల స్టేట్‌మెంటు, ఇద్దరు జామీనుదార్లు లేనిదే ఫైలు కదలదు. అలాంటి మనిషి, పేరు కూడా సరిగా పలకలేని ఒక పోర్చుగల్ కుర్రాడికి మాంచెస్టర్ యునైటెడ్ కోట్ల పౌండ్లు పోసెయ్యాలని బల్ల గుద్ది చెప్తాడు. "వాడి ఆట చూశావా అన్నా?" అంటే జేబులోంచి ఫోన్ తీస్తాడు. అందులో ఆట ఉండదు. చక్రం ఉంటుంది.

ఆ చక్రం చూసి తీరాలి. గుండ్రటి బొమ్మ, పది పదిహేను గళ్లు. టాకిల్స్‌కి ఒక గడి, క్లియరెన్సులకి ఒకటి, గాలిలో గెలిచిన బంతులకి ఒకటి, బంతిని ముందుకి పంపిన పాసులకి ఒకటి. గడి గడికీ ఒక పర్సెంటైల్. పెద్ద లీగుల్లో అదే స్థానంలో ఆడే వందమందిని వరసలో నిలబెడితే కుర్రాడు ఎందరిని దాటాడో ఆ అంకె చెబుతుంది. మన రాశిచక్రం నలుచదరం, వీళ్లది గుండ్రం. తక్కినదంతా ఒకటే. గురుడు ఉచ్చలో ఉన్నాడా లేదా అని సిద్ధాంతిగారు చూస్తారు, పాసుల గడి ఆకుపచ్చగా ఉందా లేదా అని మా బ్యాంకాయన చూస్తాడు. గాలిలో గెలిచిన బంతులు తక్కువైతే అది కుజదోషం. దానికీ శాంతి ఉంది: "పక్కన ఒక పొడుగువాణ్ణి పెడితే సరి బావా!"

పైగా పిల్ల నచ్చాక చూసే జాతకం కుదరకపోవడమనేది ఎక్కడా లేదు. మా వాళ్ల పద్ధతీ అంతే. ముందు ఎక్కడో నలభై సెకన్ల వీడియోలో కుర్రాడు ఒకణ్ణి భుజంతో నెట్టేసి బంతి లాక్కోవడం చూస్తారు. మనసు పడిపోతుంది. ఆ తర్వాతే అంకెలు. అంకె బాగుంటే శాస్త్రం, బాగోలేకపోతే "వాడి పాత కోచ్ సిస్టమ్ అలాంటిది". అదే కుర్రాణ్ణి రేపు ఆర్సెనల్ కొనేసిందనుకోండి, ఆ చక్రంలోనే మొన్నటిదాకా కనిపించని దోషాలన్నీ బయటపడతాయి. "చూశావా, వాళ్ల లీగులో ఫార్వర్డ్లే లేరు. అక్కడ నేనైనా తొంభై తెచ్చుకుంటా."

ఫార్వర్డ్ లెక్క కొంత నయం. గోల్ అంటే గోలే, నెట్‌లో పడింది కళ్లకి కనబడుతుంది. డిఫెండర్‌కి జీతమిచ్చేది మాత్రం జరగనివాటికి. పడని గోల్‌కి, రాని పాస్‌కి, ఎదుటివాడు మనసు మార్చుకుని వెనక్కి తిప్పుకున్న బంతికి. లెక్కలు కట్టేవాళ్లకి దొరికేదేమో జరిగినవే.

2019 మార్చి 31న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, టాటెన్‌హామ్ ఆడుతున్నాయి. స్కోరు 1-1. ఇంకో అయిదారు నిమిషాల ఆట ఉందనగా టాటెన్‌హామ్ వాళ్లు ఇద్దరు బంతితో దూసుకొచ్చారు. బంతి సిసోకో కాళ్ల దగ్గర, పక్కన సన్ హ్యూంగ్ మిన్. వాళ్లకి ఎదురు లివర్‌పూల్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్ ఒక్కడే. అతను మీదికి దూకలేదు, కాలు చాపలేదు. ఇద్దరికీ మధ్య అడుగు అడుగూ వెనక్కి వేస్తూ పోయాడు. సన్‌కి పాస్ వెళ్లే దారి మూసేసి, సిసోకోకి మాత్రం దారి వదిలాడు. గోల్ కొట్టడం సిసోకోకి అలవాటున్న పని కాదు, అందులోనూ అది ఎడమకాలు. బంతి క్రాస్‌బార్ మీదుగా ఎగిరిపోయింది. ఆఖర్లో టాటెన్‌హామ్ డిఫెండర్ ఆల్డర్‌వైరెల్డ్‌కి తగిలి బంతి సొంత గోల్‌లోకే పోవడంతో లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

ఆ సీజన్ మొత్తంలో అంతకన్నా గొప్ప డిఫెన్స్ నేను చూడలేదు. ఇప్పుడు దాన్ని చక్రంలోకి ఎక్కించండి. టాకిల్ సున్నా, ఇంటర్‌సెప్షన్ సున్నా, క్లియరెన్స్ సున్నా. పట్టిక రాసేవాడి కళ్లకి వాన్ డైక్ ఆ ఆరేడు సెకన్లూ వాకింగ్ చేశాడు.

అదే వాన్ డైక్ మీద ఇంకో అంకె ప్రపంచమంతా తిరిగింది. దాదాపు ఏడాదిన్నర పాటు అతన్ని ఎవడూ డ్రిబుల్ చేసి దాటలేదట. 2019 ఆగస్టులో ఆర్సెనల్ ఆటగాడు నికొలాస్ పెపె దాటాడు. ఆ రాత్రి ఆర్సెనల్ అభిమానుల సంబరం చూస్తే కప్పు గెలిచారనుకోవాలి. మ్యాచ్ ఓడిపోయారు, 3-1తో. పెపెని ఆ వేసవిలోనే ఆర్సెనల్ 7 కోట్ల 20 లక్షల పౌండ్లు పెట్టి కొంది. క్లబ్బు చరిత్రలో అప్పటికి అంత ధర ఎవరికీ పెట్టలేదు. 2023లో పైసా రాకుండా వదిలేసింది. ఆ డబ్బుకి మిగిలిన గొప్ప జ్ఞాపకం ఆ ఒక్క డ్రిబుల్. రికార్డు సంగతికొస్తే, ఎదురెళ్లి టాకిల్‌కి దిగి ఓడితేనే డిఫెండర్ ఖాతాలో తప్పు పడుతుంది. దిగకుండా నిలబడటమే వాన్ డైక్ విద్య. ఈ మాట అంటే మా ఆర్సెనల్ తమ్ముడు ఒప్పుకోడు, లివర్‌పూల్ అన్నయ్య అసలే ఒప్పుకోడు. ఇద్దరికీ ఆ అంకె కావాలి, కారణాలు వేరు.

క్లియరెన్సుల గడి ఇంకా చిత్రం. బంతిని అందినంత దూరం తన్నేయడమే క్లియరెన్స్. అది ఎవరి దగ్గర ఎక్కువ ఉంటుంది? ఎప్పుడూ గోల్ ముందే కాపురముండే జట్టు దగ్గర. బర్న్‌లీలో టార్కోవ్‌స్కీ, బెన్ మీ ఇద్దరూ పాపం ఏళ్ల తరబడి తలతో, ఛాతీతో, అందిన ప్రతి అవయవంతో బంతుల్ని ఆపుతూ పట్టికల పైవరసలో ఉండేవాళ్లు. మంచి డిఫెండర్లే, కాదనను. 2022లో బర్న్‌లీ కింది డివిజన్‌కి పడిపోయింది. క్లియరెన్సులు ఎక్కువంటే జట్టు గోల్ ముందే ఇరుక్కుందన్న ఈ సంగతి నాలుగు మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది, నాలుగొందల చక్రాలు చూసినా తెలియదు. టాకిళ్ల గడీ అంతే. టాకిల్‌కి దిగాల్సి వచ్చిందంటే అప్పటికే ఏదో తప్పు జరిగిందన్న మాటని ఇటలీ డిఫెండర్ మాల్దీనీకి ఆపాదిస్తారు. టాకిల్ అనేది గత్యంతరం లేనప్పుడు చేసే పనేనని స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ షాబీ అలోన్సో కూడా అన్నాడు. ఇద్దరి చక్రాలూ తీసి చూస్తే మా బ్యాంకాయన లోను నిరాకరించేవాడేమో!

చదువుకున్నవాళ్లు, అనుభవజ్ఞులు ఇలా పొరబడరనుకుంటే యాప్ స్టామ్ ఉదంతం ఉంది. డచ్చి డిఫెండర్, గుండుతో కొండలా ఉండేవాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లో మూడు సీజన్లు ఆడితే మూడుసార్లూ లీగ్ వాళ్లదే. 2001 ఆగస్టులో మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అతన్ని ఉన్నట్టుండి ఇటలీ క్లబ్బు లాజియోకి అమ్మేశాడు. స్టామ్ ఆత్మకథలో నోరు జారాడు కాబట్టేనని లోకం అంది. అతని టాకిళ్లు తగ్గుతున్నాయని చెప్పిన అంకెలు కూడా పని చేశాయని తర్వాత రాసినవాళ్లున్నారు. ఫెర్గూసన్ మాత్రం మడమ నరం గాయం, లాజియో పలికిన ధర అన్నాడు. కారణం ఏదైనా, పొరపాటు చేశానని ఆయనే ఒప్పుకున్నాడు. స్టామ్ స్థానంలో వచ్చిన లోరాన్ బ్లాంకి 35 ఏళ్లు. యునైటెడ్ ఆ సీజన్‌లో మూడో స్థానానికి దిగింది. పనైపోయిందన్న స్టామ్ 2005లో ఏసీ మిలాన్ తరఫున చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు.

అంకెల మీద నాకు పగ లేదు. క్లబ్బుల్లో ఆ పనికి జీతాలు తీసుకునే మనుషులు అంకెలతోపాటు వందల గంటల వీడియో చూస్తారు, కుర్రాడి మోకాలి స్కాన్ చూస్తారు, వాడు ఇంగ్లండ్ వానకి తట్టుకుంటాడా అని కూడా వాకబు చేస్తారు. అయినా సగం కొనుగోళ్లు బెడిసికొడతాయి. ఇరానీ చాయ్ చల్లారేలోగా బెడిసికొట్టని కొనుగోలు చేసేది మేమే.

హ్యారీ మగ్వైర్ మాట ఎత్తకపోతే ఈ వ్యాసం ఎవరూ చదవరు. 2019లో లీసెస్టర్ నుంచి యునైటెడ్ 8 కోట్ల పౌండ్లకి తెచ్చుకుంది. ఒక డిఫెండర్‌కి ప్రపంచంలో అప్పటికి ఎవరూ అంత ఇవ్వలేదు. వచ్చిన వేసవిలో చక్రమంతా ఆకుపచ్చే. గాలిలో రాజు, బంతి పట్టుకుని ముందుకొస్తాడు, ఇంకేం కావాలి అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి నడిచే కామెడీ ట్రాక్ అన్నారు. 2022లో ఘనా పార్లమెంటులో ఒక సభ్యుడు దేశ ఆర్థికవ్యవస్థ నిర్వహణను తిడుతూ ఉపాధ్యక్షుణ్ణి మగ్వైర్‌తో పోల్చాడు. ఏడాది గడిచింది. మగ్వైర్ మళ్లీ కుదురుకుని 2023 నవంబరుకి లీగ్‌లో ఆ నెల ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ సభ్యుడు అదే పార్లమెంటులో లేచి మగ్వైర్‌కి క్షమాపణ చెప్పాడు. మగ్వైర్ మన్నించాడు కూడా! ఉపాధ్యక్షుడికి మాత్రం క్షమాపణ రాలేదు. 2025 ఏప్రిల్‌లో లియోన్ మీద అదనపు సమయం కూడా అయిపోతుండగా మగ్వైర్ ఫార్వర్డ్‌గా ముందుకెళ్లి తలతో గోల్ కొట్టి యునైటెడ్‌ని యూరోపా లీగ్ సెమీస్‌కి చేర్చాడు. "డిఫెండర్ అంటే వాడ్రా!" అన్నాడు మా బ్యాంకాయన, కన్నీళ్లు తుడుచుకుంటూ. ఆ రాత్రి యునైటెడ్ నాలుగు గోల్స్ ఇచ్చుకుంది.

ఇక ట్రాన్స్‌ఫర్ విండో మూసే రోజుల సందడి. మా వాళ్లలో ఒకడు విమానాల యాప్ తెరిచి, లిస్బన్ నుంచి మాంచెస్టర్ వెళ్లే ప్రైవేటు జెట్ ఎక్కడుందో పావుగంటకోసారి ప్రకటిస్తాడు. అందులో ఎవరున్నారో దేవుడికెరుక. ఇంకొకడు ఆటగాడి భార్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ ఊరి ఇంటీరియర్ డిజైనర్‌ని ఫాలో అవుతోందో కనిపెడతాడు. ఇంగ్లండ్‌లో రాత్రి 11కి విండో మూసిన ఏళ్లలో మనకి తెల్లవారుజాము మూడున్నరయ్యేది. ఆ వేళకి మేలుకుని ఉన్నది పాలవాడూ వీళ్లూ. అంత కాపలా కాసినా ఆఖరికి తప్పు ఎక్కడ జరుగుతుందో ఎవరికీ అంతుపట్టదు. 2015 ఆగస్టు 31న గోల్‌కీపర్ డి హెయా యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లడం ఖాయమైపోయింది. కాగితాలు గడువులోగా చేరలేదు. పెళ్లి పీటల మీద ఆగింది. మర్నాడు రెండు క్లబ్బులూ ఏ కాగితం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి పంపామో రాసి ప్రకటనలు విడుదల చేశాయి. అంతకు రెండేళ్ల ముందు లివర్‌పూల్ ఫార్వర్డ్ సువారెజ్ కోసం ఆర్సెనల్ ఆ క్లబ్బుకి సరిగ్గా 4 కోట్ల ఒక్క పౌండు ఇస్తామంది, కట్నం చదివించేటప్పుడు పక్కన రూపాయి బిళ్ల పెట్టినట్టు. నాలుగు కోట్లు దాటిన ధర వస్తే వదలాలనే షరతు ఉందని వాళ్ల నమ్మకం. లివర్‌పూల్ వదల్లేదు. ఆ ఒక్క పౌండుని తలుచుకుని మా తమ్ముడు ఇప్పటికీ కుమిలిపోతాడు.

మొన్న ఉండబట్టలేక నేనో మాటన్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన ఊరు మనది. ఆ జట్టుని తయారుచేసిన రహీమ్ సాబ్ 1956లో ఇండియాని మెల్బోర్న్ ఒలింపిక్స్ సెమీస్‌కి, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారానికి తీసుకెళ్లిన ఊరు. ఆ మెల్బోర్న్ జట్టులో డిఫెండర్ అజీజుద్దీన్ మనవాడే. అవన్నీ పాతవనుకుంటే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మూడేళ్లకల్లా అప్పులు, జీతాల బకాయిలతో చితికిపోయి, చేతులు మారి, 2025లో క్లబ్బుకి క్లబ్బే ఢిల్లీకి మకాం మార్చేసింది, పేరు కూడా మార్చుకుని. మన ఊళ్లో ఇంతకన్నా పెద్ద ట్రాన్స్‌ఫర్ జరగలేదు. ఏ విమానం ఎక్కిందో ఒక్కడైనా చూశారా అని అడిగాను.

బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆర్సెనల్ తమ్ముడు సమోసా తుంచుకున్నాడు. మా బ్యాంకాయన మాత్రం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఫోన్ తీశాడు, ఏదో వెతికాడు, స్క్రీన్ మీద పడిన చాయ్ చుక్క తుడిచాడు, తలెత్తాడు.

"అంతా బాగానే ఉంది గానీ అన్నా, వాళ్ల దగ్గర ఎడమకాలి సెంటర్‌బ్యాక్ ఎవడైనా ఖాళీగా ఉన్నాడా?"