శాలువా కప్పారు, సంగతి చెప్పలేదు

ఫిబ్రవరి వచ్చిందంటే మా దుర్గి చుట్టుపక్కల మైకులు మొదలు. పల్నాటి పుల్లరి ఉద్యమ వీరుడు కన్నెగంటి హనుమంతు వర్ధంతి ఆ నెలలోనే. ఆ షామియానా విప్పీ విప్పకముందే మార్చి 8, మహిళా దినోత్సవం. షామియానా అదే, మైకు అదే, నన్నడిగితే ఉపన్యాసమూ అదే. మధ్యలో పేర్లు మారతాయంతే. ఈ మధ్య వారసత్వమనీ, పెద్దల స్మృతి అనీ పెట్టే ప్రతి సభకీ ఇంకో ముక్క అతికిస్తున్నారు: "సేవామూర్తులైన మాతృమూర్తులకు ఘన సన్మానం." చేయొద్దని నేననను. చేసే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

పోయినసారి మా బజారంతా అక్కా అని పిలిచే ముసలావిడను పిలిచారు. ఆవిడ మంత్రసాని. కాన్పు కష్టమైతే మాచర్ల దాకా ఎద్దులబండి కట్టాల్సిన రోజుల్లో, వానైనా అర్ధరాత్రైనా లాంతరు పుచ్చుకుని గడప గడపకీ తిరిగిన మనిషి. ఆ సభలో కుర్చీల్లో కూర్చున్న నెత్తి నెరిసినవాళ్లలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. వేదిక మీద మైకు పట్టుకున్న పెద్దమనిషికి కూడా. ఆ పెద్దమనిషి ఆవిడ గురించి ఏం చెప్పాడు? ఫలానా వారి ధర్మపత్ని, ఫలానా వారి తల్లిగారు, సౌమ్యురాలు. అంతే. శాలువా కప్పారు, చేతిలో గాజు మెమెంటో పెట్టారు, "అమ్మా, ఇటు చూడండి" అని ఫోటో తీశారు. అంతకుముందు ముఖ్య అతిథి కోసం ఎండలో కూర్చోబెట్టారు, అది వేరే సంగతి. ఇంటికొచ్చాక నన్ను పిలిచి అడిగింది: "ఒరే తమ్ముడూ, నన్నెందుకు పిలిచార్రా?"

నేనేం చెప్పను?

ఫ్లెక్సీ చూశారా ఎప్పుడైనా? పైన నాయకుల తలకాయలు, ఒక్కోటి మంచమంత. కింద వరసలో, తపాలా బిళ్లల సైజులో, సన్మానం పొందే ఆడవాళ్లు. పేర్లు చదవాలంటే కళ్లజోడు పెట్టుకుని గోడకు ముక్కు ఆనించాలి. వారం తిరిగేసరికి ఆ ఫ్లెక్సీ ఎవరి గడ్డివామి మీదో పరదా.

మా రోజుల్లో శాలువాలు లేవు. ఆ మాటకొస్తే ఆడమనిషిని వేదిక ఎక్కించిన పాపాన ఎవరూ పోలేదు. అది గొప్పని నేను చెప్పడం లేదు. కానీ ఎవరు ఏం చేశారో ఊరికి తెలుసు. మా నాయనమ్మ నన్ను వెంటేసుకుని పొలం పోతూ, ఈ బావికి నగలమ్మి డబ్బు పెట్టింది ఫలానా అవ్వ, ఈ చింతచెట్టు కింద బాటసారులకు చలివేంద్రం నడిపింది ఫలానా పిన్నమ్మ అని చెబుతూనే ఉండేది. వినకపోతే నెత్తిన మొట్టికాయ. ఇప్పుడు ఆ బావీ లేదు, చెప్పే మనిషీ లేదు, మొట్టితే పిల్లల తల్లి నా మీదికొస్తుంది.

నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నేను నిక్కరు వేసుకున్న పిల్లాణ్ణి. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఈ రెండు తేదీలూ మా పిల్లలు పరీక్షల కోసం బట్టీ పట్టారు. మధ్యలో పన్నెండేళ్లు ఏం జరిగింది? అది రాతి కట్టడమయ్యా! మనుషులు మోసి పేర్చిన డ్యామ్. మా అమ్మ పుట్టింటి వైపు ఆడవాళ్లు తలమీద చుట్టకుదురు పెట్టుకుని తట్టలు మోశారు, పసిపిల్లల్ని గుడ్డ ఉయ్యాలల్లో వేసి. కుడికాలువ నీళ్లతో వరీ మిరపా పండించుకున్న ఈ నేల మీద, ఆ తట్ట మోసిన చేతుల్ని పిలిచి ఒక దండ వేసిన సభ ఒక్కటైనా నా కంటపడలేదు.

ఇక హనుమంతు సభకే వద్దాం. మా మండలం మించాలపాడు మనిషి. అడవిలో గొడ్లు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే పల్నాడు ఎదురు తిరిగింది 1921లో. 1922 ఫిబ్రవరిలో పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. ఉపన్యాసకులు ఆ తుపాకులు పేలిన వైనం నోటితో చప్పుళ్లు చేసి మరీ చెబుతారు. కానీ ఆ ఉద్యమంలో అసలు దెబ్బ తగిలింది ఎక్కడ? సంఘ బహిష్కారంలో. దొరలొస్తే తిండి దొరకలేదు, సరుకులు దొరకలేదు, తాగేందుకు నీళ్లు దొరకలేదు. నీళ్ల కడవ ఎవరి చంకన ఉంటుంది? పొయ్యి ఎవరి చేతిలో ఉంటుంది? సర్కారోడికి ముద్ద పెట్టం, చుక్క పొయ్యం అని గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది ఎవరు? ఈ ప్రశ్న ఒక్క వక్తకూ తట్టదు. హనుమంతు భార్య గంగమ్మ పేరైతే వస్తుంది, ఒక్క వాక్యంలో. ఆ వాక్యం అయ్యీ కాకముందే భోజనాల ప్రకటన.

కారెంపూడి వీరుల ఉత్సవాలూ చూశాను లెండి, కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులూ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలైన కొణతాలు మోసుకుని ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పల్నాటి యుద్ధంలో పడిన వీరులకు ఇప్పటికీ లెక్క తప్పకుండా మర్యాదలు. నాయకురాలు నాగమ్మను మాత్రం, అంత రాజ్యం నడిపిన మంత్రిని, ఇప్పటికీ తిట్టడానికే తలుచుకుంటాం. దాని గురించి మాట్లాడితే మా బజారులో తగువులవుతాయి, వదిలేస్తున్నా.

రాయిని అడగండి, మనిషి కన్నా నయం. మా దుర్గిలోనే 1269 నాటి శాసనం ఉంది, కాకతీయుల సామంతుడు కాయస్థ జన్నిగదేవుడిది. ఏలిక ఎవరంటే రుద్రమదేవి పేరు చెబుతుంది. మాచర్ల దాటి నాగార్జునకొండకు పోతే మూడో శతాబ్దం. ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించి, వాటి మీద తన పేరే చెక్కించింది. ఆవిడంటే రాజు వీరపురుషదత్తుడి మేనత్త, ఎత్తించగలదు. నాకు నచ్చింది బోధిశ్రీ. రాణి కాదు, మామూలు బౌద్ధ ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట వేయించిన ఆ శాసనం చదివించుకుని విన్నాను. సౌమ్యురాలు, త్యాగమూర్తి లాంటి సోదె ఏమీ లేదు. సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది. పూర్వశైలంలో చెరువు తవ్వించింది. కంటకసేలలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. పాపిల దగ్గర ఏడు గదులు. ఇలా ఎక్కడ ఏమిచ్చిందో వరసబెట్టి, ఇంటి ఆడాళ్లు పచారీ చీటీ రాసినట్టు రాసింది. పదిహేడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆవిడ ఎందుకు గొప్పదో ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ శాసనం చివర ఇంకో పేరుంది. విధికుడు. రాతిపని చేసిన శిల్పి. దానమిచ్చిన ఆడమనిషి పైన, ఉలి పట్టిన చెయ్యి కింద.

మరి మాది శిల్పుల ఊరు. దుర్గి రాతి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉందని గొప్పలు చెప్పుకుంటాం. దేశదేశాలకు దేవుళ్లను చెక్కి పంపే ఊళ్లో, మంత్రసాని అక్క పేరు ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చేసి చేతులు దులుపుకుంటామా? కమిటీ కుర్రాణ్ణి పట్టుకుని అదే అడిగాను. ఒరే అబ్బాయ్, శాలువాల ఖర్చు, మెమెంటోల ఖర్చు, ఫ్లెక్సీల ఖర్చు కలిపితే ఒక పలకరాయి వస్తుంది. దాని మీద పేరూ, చేసిన పనీ చెక్కించి బజారులో పాతండి. మంత్రసాని, ఇన్ని ఊళ్లు తిరిగింది, ఇంతమందికి పురుడు పోసింది అని. ఏడాదికో రాయి చాలు.

వాడు ఫోనులోంచి తల ఎత్తి కాసేపు ఆలోచించాడు.

"బానే ఉంది తాతా. మరి ముఖ్య అతిథి గారి పేరు ఎక్కడ పెట్టాలి?"

"శిల్పి పేరు కింద," అన్నాను. "చోటు మిగిలితే."